ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్

శంషాబాదు మీదుగా దక్షిణానికి సాగే బెంగుళూరు రహదారి షాద్‌నగరు చేరుతుంది. ఆ ప్రాంతంలోనే బూర్గుల అనే గ్రామం ఉన్నది. 2008లో ఇక్కడ విమానాశ్రయం వెలసిన తరువాత ఈ దారి దేశదేశాల ప్రయాణికులకు పరిచితమైనది గాని, ఆ గ్రామనామాన్ని ఇంటిపేరుగా ధరించిన ఒక న్యాయవాది ఇరువది యేడేండ్ల ముస్లిం యువకుని చేత ఉర్దూ దినపత్రికను పెట్టించిన సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసును? ఆ న్యాయవాది బూర్గుల రామకృష్ణారావుగారు. ఆ యువకుడు షోయబుల్లా ఖాన్.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17వ తేదీన మహబూబాబాదు సమీపాన గల సుబ్రవేడు గ్రామంలో జన్మించాడు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి. తండ్రి ఆయనను ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవాడని చెబుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పట్టం పొందాడు. ఉర్దూ మాధ్యమంగా చదివిన ఉస్మానియా పట్టభద్రునికి నిజాం సర్కారు కొలువు అందని పండు కాదు. అయినా ఆయన చూపు కచేరీల వైపు పోలేదు. తేజ్ అనే ఉర్దూ వారపత్రికలో చేరాడు. ప్రభుత్వాన్ని, రజాకార్ల ఆగడాలను విమర్శించిన ఆ పత్రిక నిషేధానికి గురికాగా, మందుముల నరసింగరావుగారు నడిపే రయ్యత్‌లో ఉపసంపాదకుడైనాడు. 1947లో రయ్యత్ కూడ మూతపడినది.

ఆనాటి పత్రికల స్థితిని ఇచట కొంత వివరించవలసి ఉన్నది. సంస్థానంలో సర్కారు అనుమతి లేనిదే పత్రిక పెట్టరాదు. పెట్టిన పత్రికను ఏ నాడైనా ఆపివేయవచ్చును. సర్కారును విమర్శించే పత్రికకు సర్కారీ ప్రకటనలు రావు. వర్తకులు ప్రకటన ఇవ్వటానికి జంకుతారు. చదువు వచ్చినవారే కొద్దిమంది కావటం చేత చందాలతో కాగితపు ఖర్చు కూడ గడవదు. కనుక అట్టి పత్రికను వ్యాపారంగా నడపటం అసాధ్యం. లాభం కోరని పెద్దలు పూనుకొని పోషించినప్పుడే అది బ్రతికేది. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు ప్రారంభించిన గోలకొండ పత్రిక విద్యాభిమానుల విరాళాల అండతోనే తెలుగు పల్లెల గొంతుక కాగలిగినది. ఇది మన దేశపు పేదరికం వలన మాత్రమే వచ్చిన అవసరమని తలచరాదు. సంపన్నమైన ఇంగ్లాండులో సైతం మాంచెస్టర్ గార్డియన్ యజమాని జాన్ స్కాట్ 1936లో తన వాటాలను వారసత్వంగా ఉంచుకొనక ఒక ధర్మకర్తల సంస్థకు అప్పగించాడు. లాభాపేక్ష చేతిలో పడితే పత్రిక స్వాతంత్ర్యం నిలువదన్న భయమే దానికి కారణం.

రయ్యత్ ఆగిపోయిన పిమ్మట రామకృష్ణారావుగారు, వారి మిత్రులు ధనసహాయం చేయగా 1947 నవంబరులో కాచిగూడలో ఇమ్రోజ్ వెలువడినది. ఇమ్రోజ్ అనగా నేడు. నాకు ఈ ఘట్టమే షోయబుల్లా జీవితంలో మిక్కిలి విలువైనదిగా తోస్తుంది. డబ్బు పెట్టినవారు తెలుగు మాతృభాషగా గల హిందూ న్యాయవాదులు, పత్రిక ఉర్దూది, సంపాదకుడు ముస్లిం. ఆ భాష ఎంపికలో వివేకమున్నది. సంస్థానపు అధికార భాష ఉర్దూ. న్యాయస్థానాలలో, కచేరీలలో, నగరపు హోటళ్ళలో చదివేది ఆ భాషనే. ఎవరి మనసు మారవలెనో వారి భాషలోనే మాట్లాడవలెను గదా! రామకృష్ణారావుగారు స్వయంగా ఉర్దూ, పారసీ భాషలలో పండితులు కావటం చేత ఈ మర్మం వారికి తెలుసు. ఇక మతం పేరిట సాగే దౌర్జన్యాన్ని ఆ మతస్థుడే ఖండిస్తే దానికి గల బలం వేరు. దాని వలన ఆ మనిషికి కలిగే అపాయమూ వేరే.

షోయబుల్లా ఆ అపాయాన్ని ఎరిగే కలం పట్టాడు. పగలు పాలించే ప్రభుత్వం ఒకటి, రాత్రి పాలించే ప్రభుత్వం మరొకటి అని రజాకార్ల పెత్తనాన్ని ఎత్తిచూపుతూ సంపాదకీయం వ్రాశాడు. సంస్థానం భారతదేశంలో విలీనం కావలెనని వాదించాడు. బెదిరింపు లేఖలు వచ్చినవి; వెనుదీయలేదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల సంస్థను రద్దు చేసి భారతదేశంలో చేరవలసినదని నిజాముకు విన్నవిస్తూ ప్రకటన చేశారు. రజాకార్ల హింసను సహింపలేక తహసీల్దారు ఉద్యోగాన్ని వదలుకొన్న ఫరీద్ మీర్జా వారిలో ఒకరు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చువేసినది. ఆగస్టు 19న జరిగిన సభలో రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ, తమకు ఎదురుగా లేచే చేతులు తెగిపడతాయని హెచ్చరించాడు.

ఆగస్టు 21వ తేదీ రాత్రి పని ముగించుకొని బావమరది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి షోయబుల్లా ఇంటికి పోవుచుండగా, లింగంపల్లి చౌరస్తా ప్రాంతంలో దుండగులు అడ్డగించారు. తుపాకితో కాల్చి, వ్రాసే చేతిని కత్తితో నరికివేశారు. అడ్డుపోయిన ఇస్మాయిల్ ఖాన్ చేయి కూడ తెగినది. ఉస్మానియా ఆసుపత్రిలో కొన్ని గంటలు ప్రాణంతో పోరాడి, 22వ తేదీ తెల్లవారుజామున షోయబుల్లా కన్నుమూశాడు. వయస్సు ఇరువది యెనిమిది నిండలేదు. ఆయన తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. భార్య అప్పటికి గర్భవతి. గోషామహల్ మాలకుంట శ్మశానంలో ఆయనను ఖననం చేశారు.

సహాయం చేసినవారు పత్రికకు కాగితం సమకూర్చగలిగారు, అచ్చుకూలి చెల్లించగలిగారు. ఆ రాత్రి వీధిలో సంపాదకునికి రక్షణ ఇవ్వలేకపోయారు. అది సర్కారు విధి. ఆ సర్కారే రజాకార్లకు లోబడి ఉండెను. పత్రికలకు ధనసహాయాన్ని గురించి యోచించే నేటి సంస్థలు ఈ తేడాను గమనింపవలెను. బెంగుళూరులో 2015లో ఏర్పడిన ఇండిపెండెంట్ అండ్ పబ్లిక్ స్పిరిటెడ్ మీడియా ఫౌండేషన్ వంటివి విరాళాలతో స్వతంత్ర పత్రికారచనకు తోడ్పడుతున్నవి. జిల్లాలలో పనిచేసే విలేకరికి జీతమెంత అవసరమో, ఆపదలో న్యాయవాది అండ, ఇంటివారికి భరోసా అంత అవసరం.

షోయబుల్లా మరణించిన ఇరువదిరెండు దినాలకు, సెప్టెంబరు 13న, భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించినది. 17వ తేదీన నిజాము లొంగిపోయాడు. మరుసటి సంవత్సరం ఆగస్టు 15న ఆబిద్ అలీ ఖాన్, మహబూబ్ హుస్సేన్ జిగర్ గార్లు సియాసత్ ఉర్దూ దినపత్రికను స్థాపించారు. బూర్గుల రామకృష్ణారావుగారు 1952లో షాద్‌నగరు నుండి శాసనసభకు ఎన్నికై హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినారు. మందుముల నరసింగరావుగారు తమ చివరి కాలంలో ఏబది సంవత్సరాల హైదరాబాదు చరిత్రను తెలుగులో వ్రాసి ఉంచారు. ఈ కాలాన్ని ఎరుగగోరే విద్యార్థులు దానిని తప్పక చదువవలెను.