గాలిపటము కాదు, గాలిని చదివే పెట్టె: అన్నా మణి జీవితం

మృగశిర కార్తె ప్రవేశించింది మొదలు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల రైతు చూపు ఆకాశం మీదనే ఉంటుంది. కృష్ణా తుంగభద్రలు ఇరుప్రక్కల పారుతున్నా నడిగడ్డ మెట్టపొలాలకు వానయే ఆధారం. అది మొగము చాటేసిన ఏడు పాలమూరు కూలీ మూట కట్టుకొని దూరదేశం పోవలసి వచ్చేది. మబ్బు వర్షించునా, తేలిపోవునా అన్నది నేలమీద నిలిచి చెప్పలేము. పైగాలిలో తేమ ఎంత, చలి ఎంత, ఆ గాలి ఏ దిక్కుకు ఎంత వేగంతో వీస్తున్నది తెలియాలి. మనకు దగ్గరలో హైదరాబాదు బేగంపేట నుండి హైడ్రోజన్ నింపిన బెలూను చిన్న పెట్టెను మోసుకొని పైకి లేచేది ఇందుకొరకే. ఆ పెట్టెయే రేడియోసాండ్. అటువంటి పరికరాలు మన దేశంలోనే తయారు కావడానికి, అవి చెప్పే అంకె నమ్మదగినది కావడానికి పాటుపడిన కుమారి అన్నా మణి గారిని మన విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

ఆమె 1918 ఆగస్టు 23న తిరువాంకూరు సంస్థానంలోని పీరుమేడులో జన్మించారు. ఎనిమిదిమంది సంతానంలో ఏడవవారు. ఎనిమిదవ పుట్టినరోజున వజ్రాల కమ్మలు ఇవ్వబోగా వాటిని కాదని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కోరుకున్నారట. 1925లో గాంధీజీ వైకం వచ్చిన తరువాత ఖద్దరు ధరించడం అలవరచుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టం పొంది, 1940లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సర్ సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరారు.

చిన్ననాడు వజ్రాలను వద్దన్న ఆమెకు అక్కడ దొరికిన పని వజ్రాల వర్ణపటాలను పరిశీలించడమే! ఒక్కొక్క ఫోటో పలకకు 15 నుండి 20 గంటలు కాంతి చూపవలసి వచ్చేది. ఎన్నో రాత్రులు ప్రయోగశాలలోనే గడిచాయి. ఒంటరిగా అయిదు పరిశోధన పత్రాలు ప్రకటించి, 1945లో సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించారు. అయితే ఎం.ఎస్‌సి. పట్టం లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు నిరాకరించింది. వ్రాసిన గ్రంథం ఎదుట ఉండగా లేని కాగితాన్ని అడిగిన ఈ న్యాయం మాకు నేటికీ మింగుడుపడదు. ఆమె మాత్రం దానిని గురించి పెద్దగా బాధపడలేదు.

భౌతికశాస్త్రం చదవాలని ఆశించిన ఆమెకు అందివచ్చిన విద్యార్థి వేతనం వాతావరణ పరికరాల శాఖకు చెందినది. దానితోనే లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్లారు. 1948లో తిరిగివచ్చి పూనాలోని భారత వాతావరణ శాఖలో చేరారు. అప్పటికి సామాన్యమైన ఉష్ణమాపకం కూడ విదేశాల నుండి రావలసిందే. ఎస్.పి. వెంకటేశ్వరన్ గారి నాయకత్వాన అక్కడి కర్మాగారంలో స్వదేశీ పరికరాల తయారీ సాగుతున్నది. అన్నా మణి దాదాపు 100 పరికరాలకు ప్రామాణిక చిత్రపటాలు గీయించి, ఉత్పత్తిని ఒక క్రమంలో పెట్టారు. 1953లో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. ఆమె క్రింద పనిచేసినవారు 121 మంది, అందరూ పురుషులే.

బెలూను పరికరం పని చెప్పినంత సులభం కాదు. అది సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పోయి బెలూను పగిలిపోయేలోగా తాను చూచినదంతా రేడియో సంకేతాలుగా నేలకు పంపాలి. తేలికగా ఉండాలి, చవకగా ఉండాలి, ఎందుకంటే చాలావరకు అది తిరిగి చేతికి రాదు. నేలమీది మండుటెండలోను, పైనున్న గడ్డకట్టే చలిలోను ఒకే తీరుగా పనిచేయాలి. పైగా ఎండ తగిలిన ఉష్ణమాపకం గాలి వేడిమిని కాక తన వేడిమినే చెబుతుంది. తప్పు కొలత కంటె అసలు కొలత లేకపోవడమే మేలని ఆమె నమ్మేవారు. కనుకనే ప్రతి పరికరాన్ని మరొక పరికరంతో సరిపోల్చి చూడనిదే బయటికి పంపనిచ్చేవారు కారు.

1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో దేశమంతట సౌరవికిరణ కేంద్రాలు నెలకొల్పారు. సహచరులతో కలిసి పైగాలిలోని వికిరణాన్ని కొలిచే రేడియోమీటర్ సాండ్‌ను, ఆపై ఓజోను పొరను కొలిచే ఓజోన్‌సాండ్‌ను బెలూనుకు కట్టి పంపారు. అటువంటి ఓజోను పరికరాన్ని సొంతంగా నిర్మించుకొన్న దేశాలు ఆనాడు బహు కొద్ది. 1963లో విక్రమ్ సారాభాయ్ కోరికపై తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలనశాలను ఏర్పాటు చేశారు.

1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేసి బెంగుళూరు చేరారు. విశ్రాంతి అన్నది పేరుకే. భారతదేశపు సౌరవికిరణ పట్టికలు గ్రంథరూపంలో 1980లో వెలువరించి, ఆపై గాలిమరల కొరకు గాలి కొలతలకు పూనుకున్నారు. 1994లో పక్షవాతం ఆమెను మంచాన పడవేసింది. 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో కన్నుమూశారు. వివాహం చేసుకోలేదు.

పట్టం దక్కని ఆ 1945 నాటి సిద్ధాంత గ్రంథం బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయంలో, పట్టం పొందినవారి గ్రంథాల ప్రక్కనే అదే తీరు అట్టతో భద్రపరచబడింది.