చొక్కాల వ్యాపారి పేరు.. రైఫిల్ మీదకు ఎలా ఎక్కింది?

అమెరికాకు చెందిన ఆలివర్ వించెస్టర్ అసలు చొక్కాల వ్యాపారి. 1810లో బోస్టన్‌లో పుట్టారు. న్యూ హేవెన్‌లో ఫ్యాక్టరీ పెట్టి బాగా సంపాదించారు. ఆ డబ్బు ఓ తుపాకుల కంపెనీలో పెడితే అది నష్టాల్లో కూరుకుపోయింది. 1857లో దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నారు.

కథను మలుపు తిప్పింది అక్కడి ఫ్యాక్టరీ ఇన్‌చార్జ్ బెంజమిన్ హెన్రీ. ఆయన రైఫిల్‌కు 1860లో పేటెంట్ వచ్చింది. లీవర్‌ను కిందకు తోసి, తిరిగి పైకి లాగితే చాలు.. ఖాళీ షెల్ బయటకు, కొత్త తూటా లోపలికి!

కానీ డబ్బుల దగ్గర ఇద్దరికీ చెడింది. కంపెనీని దక్కించుకోవాలని హెన్రీ ట్రై చేసినా కుదరలేదు. 1866లో వించెస్టర్ తన పేరుతోనే కంపెనీ పెట్టేశారు. 1880లో కన్నుమూశారు.

ఆ కంపెనీ 1873 మోడల్‌కు ఇటలీలో ఇప్పటికీ రెప్లికాలు తయారవుతున్నాయి. అమెరికాలో కౌబాయ్ షూటింగ్ పోటీల్లో ఇవి బాగా ఫేమస్. పేరు వించెస్టర్‌ది.. లీవర్ వెనక బుర్ర మాత్రం హెన్రీది.