వైమానికురాలు అమీ జాన్సన్

అమీ జాన్సన్ 1903 జూలై 1వ తేదీన ఇంగ్లండులోని హల్ నగరమున జన్మించెను. షెఫీల్డు విశ్వవిద్యాలయమున బి.ఏ. పట్టము పొంది, లండనులో ఒక న్యాయవాది కార్యాలయమున టైపిస్టుగా పనిచేయుచు, తీరిక వేళల విమానము నడుపుట నేర్చెను. అంతటితో తృప్తి చెందక, ఇంజనులు విప్పి బిగించుట సాధన చేసి, 1929లో గ్రౌండు ఇంజనీరు లైసెన్సును సైతము సంపాదించెను.

1930 మే 5న లండను మహానగరపు ప్రధాన విమానాశ్రయమైన క్రాయ్డన్ నుండి ఆమె ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరెను. ఐరోపా నగరములకు ప్రయాణికులను చేరవేయు భారీ విమానముల చెంత ఆమె ‘జిప్సీ మాత్’ పిచ్చుకవలె నుండెను. ఫ్లయింగు క్లబ్బులలో విద్యార్థులకు శిక్షణ నిచ్చుటకు వాడు రకమది. అందు రేడియో లేదు. పటము, దిక్సూచి, కన్నులు మాత్రమే ఆధారము. ఆరవ దినమున కరాచీ చేరెను. పెట్రోలు చాలక ఝాన్సీ కవాతు మైదానమున దిగెను. కలకత్తా మీదుగా సాగి, రంగూను చెంత ఇన్సీనులో వానలో దిగగా విమానము గోతిలో పడి రెక్కయు, ప్రొపెల్లరును దెబ్బతినెను. నేర్చిన యంత్రవిద్య అప్పుడక్కరకు వచ్చెను. విమానమును బాగుచేసికొని మే 24న డార్విను చేరి, ఆ దూరమును ఒంటరిగా దాటిన తొలి మహిళ యయ్యెను.

యుద్ధకాలమున వాయుసేనకు విమానములు చేరవేయు కొలువున చేరెను. 1941 జనవరి 5న ‘ఆక్స్‌ఫర్డు’ అను శిక్షణ విమానమును కొనిపోవుచు, దారికి దూరముగా థేమ్సు నదీముఖమున పడిపోయెను. రక్షింపబోయిన నౌకాధిపతి ఫ్లెచరును ప్రాణము గోల్పోయెను. ఆమె దేహము దొరకలేదు; ప్రమాదకారణము నేటికిని తేలలేదు. క్రాయ్డన్ విమానాశ్రయము 1959లో మూతపడెను. ఆ చిన్న విమానము మాత్రము లండను సైన్సు మ్యూజియమున భద్రముగా నున్నది.