కాలమును తూచిన గెలీలియో

మన పొలములోని బావిలో రాయి జారవిడిచినచో రెండు సెకండ్లకు నీటి చప్పుడు వినబడినదనుకొందము. లోతు సుమారు 19.6 మీటర్లని మన విద్యార్థులు ఇట్టే లెక్కగట్టుదురు. కాలమును వర్గము చేసి, 9.8లో సగముచే గుణించుటయే కదా! ఈ వర్గపు లెక్కను ప్రయోగముచే నిలిపినవాడు గెలీలియో.

ఆయన 1564 ఫిబ్రవరి 15వ తేదీన ఇటలీ దేశమందలి పీసా నగరమున జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. కుమారుని వైద్యునిగా చూడవలెనని ఆయన కోరిక. కాని గెలీలియో మనస్సు గణితముపై లగ్నమాయెను. 1585లో పట్టము పొందకయే విశ్వవిద్యాలయమును విడిచి, నాలుగేండ్లకు అచ్చటనే గణితాచార్యుడయ్యెను. 1592లో పాడువా చేరెను.

పడు వస్తువు వేగము పెరుగునని అందరు నెరిగినదే. ఎట్లు పెరుగుననునదే చిక్కు. సెకండ్లు సరిగా చూపు గడియారము ఆనాడు లేదు. రాయియో రెప్పపాటులో నేల చేరును. అందుచే గెలీలియో ఆ పతనమునే నెమ్మదిపరచెను. పన్నెండు మూరల దూలమునకు గాడి తొలిపించి, అందులో నునుపైన తోలుకాగితము అతికించి, దానిని కొంచెము ఏటవాలుగా నిలిపి, కంచు గుండును దొర్లించెను. నీటితొట్టి అడుగున సన్నని గొట్టమమర్చి, గుండు దొర్లునంతసేపు కారిన నీటిని పట్టి త్రాసులో తూచెను. ఆ నీటి బరువే కాలము! రెట్టింపు కాలములో నాలుగు రెట్ల దూరము, మూడు రెట్ల కాలములో తొమ్మిది రెట్లు. వాలు మార్చినను ఈ నిష్పత్తి మారలేదు. సమాన కాలములలో వరుసగా నడచిన దూరములు 1, 3, 5, 7 వంతులుగా నుండును. సూత్రమును వల్లించుటకంటె ఈ బేసిసంఖ్యలను ఒకసారి కూడి చూచుట మేలని మా అభిప్రాయము.

ఇది ఒక్కనాడు తేలిన విషయము కాదు. వేగము దూరము ననుసరించి పెరుగునని 1604లో ఆయన తలచెను. కాలము ననుసరించి పెరుగునని తరువాత సరిదిద్దుకొనెను. మన బాలురు లెక్కలలో తరచు పడునదియు ఈ గోతిలోనే.

భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని వాదించినందుకు 1633లో రోమునందలి మతన్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించెను. శేషజీవితము ఫ్లారెన్సు చెంత ఆర్చెట్రిలో, స్వగృహ నిర్బంధమున గడచెను. మరుసటి యేడు ప్రియపుత్రిక మరణించెను. అయినను ఆ వృద్ధుడు పాత ప్రయోగములను మరల చేపట్టి గతిశాస్త్ర గ్రంథమును ముగించెను. అది 1638లో హాలెండులోని లైడెను నగరమున అచ్చగునప్పటికి ఆయనకు చూపు పోయినది. 1642 జనవరి 8న కన్నుమూసెను.

పండితులు లాటినులో వ్రాయు కాలమది. ఆ గ్రంథమున చలన సిద్ధాంతములను గెలీలియో లాటినులోనే ఉంచెను. వానిని ముగ్గురు మిత్రుల సంభాషణగా విప్పి చెప్పిన భాగమును మాత్రము మాతృభాషయగు ఇటాలియనులో వ్రాసెను. తమిళనాట, ఆర్.కె.పేటలో, తెలుగున భౌతికశాస్త్రము చదువు మన పిల్లలకును వారి తల్లిదండ్రులకును ఈ సంగతి తెలుపవలెననిపించినది. దూలము, గుండు, నీటితొట్టి వృత్తాంతమంతయు ఆ ఇటాలియను భాగములోనిదే.