టుసిటాలా

పసిఫిక్ మహాసముద్రమునందలి పాలినీషియా ద్వీపములలో సమోవా యను చిన్న దేశము కలదు. దాని వైశాల్యము సుమారు 2,800 చదరపు కిలోమీటర్లు. అనగా మన కామారెడ్డి జిల్లాకన్నను తక్కువ. అగ్నిపర్వతముల వలన నేర్పడిన ఆ దీవులలో కొబ్బరి, సీమపనస, చేమ విరివిగా పండును. అచటి సంప్రదాయ గృహములకు స్తంభములును పైకప్పునే కాని గోడలుండవు. ఎక్కడనో పుట్టి ఆ దీవిని తన యిల్లుగా జేసికొనిన మహారచయిత రాబర్టు లూయీ స్టీవెన్‌సన్.

ఆయన 1850 నవంబరు 13వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి సముద్రతీరమున దీపస్తంభములు నిర్మించు ఇంజనీరు. కుమారుడు తన వృత్తినే చేపట్టవలెనని ఆయన కోరిక. కాని స్టీవెన్‌సన్ మనస్సు రచనయందే లగ్నమయ్యెను. తండ్రి తృప్తికై న్యాయశాస్త్రము చదివెను గాని న్యాయవాదిగా జీవింపలేదు. బాల్యమునుండియు శ్వాసకోశవ్యాధి ఆయనను పీడించెను. అయినను కలము విడువక, 1883లో 'ట్రెజర్ ఐలండ్' అను నవలను ప్రకటించి లోకప్రసిద్ధుడయ్యెను.

ఆరోగ్యమునకై 1888లో సముద్రయానమునకు బయలుదేరి, మరుసటి యేడు డిసెంబరులో సమోవా చేరెను. ఆపియా పట్టణ సమీపమున వైలిమా యనుచోట భూమి కొని ఇల్లు కట్టెను. అచటివారి భాష నేర్చెను. వారాయనను టుసిటాలా యని పిలిచిరి. కథలు చెప్పువాడని దాని యర్థము.

అప్పుడు జర్మనీ, ఇంగ్లండు, అమెరికా దేశములు ఆ దీవులపై పెత్తనమునకై పెనగులాడుచుండెను. స్టీవెన్‌సన్ ఆ యన్యాయమును 1892లో గ్రంథముగా వ్రాసి అధికారులకు కంటగింపయ్యెను. 1893లో యుద్ధమునందోడిన మతాఫా పక్షమువారిని చెరసాలలో నుంచగా, ఆయన జంకక వారికి ఆహారము పంపి ఆదుకొనెను. విడుదలయైన నాయకులు కృతజ్ఞతతో 1894లో ఆయన ఇంటికి బాట వేసిరి. కూలి యిత్తుమన్నను పుచ్చుకొనలేదు.

కొలది వారములకే, డిసెంబరు 3వ తేదీన, 44వ యేట స్టీవెన్‌సన్ హఠాత్తుగా మరణించెను. సమోవావారు రాత్రియంతయు ఆయన దేహముకడ కావలి యుండిరి. అడవి నరికి వాయియా కొండపైకి త్రోవ చేసి, శవపేటికను భుజములపై మోసికొనిపోయి శిఖరమున సమాధి చేసిరి.

1962 జనవరి 1వ తేదీన సమోవా స్వతంత్రమయ్యెను. వైలిమాలోని ఆయన గృహము నేడు స్మారకశాలగా నున్నది. బాలలారా! ఆ దీవివారు ఆయన గ్రంథములను మెచ్చి ఆ బాట వేయలేదు. ఆపదవేళ తమ పక్షమున నిలిచినందులకే వేసిరి.