జేమ్స్ అలెగ్జాండర్ హెన్‌షాల్

జేమ్స్ అలెగ్జాండర్ హెన్‌షాల్ (1836 - 1925) అమెరికాకు చెందిన వైద్యుడు, మత్స్య సంవర్ధకుడు, రచయిత. చెరువులలోను, సరస్సులలోను, నదులలోను జీవించే బ్లాక్ బాస్ అనే మంచినీటి చేపకు గాలపు వేటలో గౌరవస్థానం కల్పించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు.

జీవిత విశేషాలు

హెన్‌షాల్ మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో జన్మించాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలో సరస్సుల నడుమ ఉన్న ఓకోనోమోవాక్‌లో కొంతకాలం వైద్యవృత్తి సాగించాడు. ఆ రోజులలో గాలపు వేటగాళ్ళు ట్రౌట్, సాల్మన్ చేపలనే ఉత్తమమైనవిగా ఎంచేవారు. బాస్ వాటికి ఏమాత్రం తీసిపోదని ఈయన వాదించాడు.

రచనలు

1881లో ప్రచురితమైన "బుక్ ఆఫ్ ది బ్లాక్ బాస్" ఈయన ప్రధాన రచన. ఇందులో బాస్ జాతుల శాస్త్రీయ వివరణ, జీవనవిధానం, వేట పద్ధతులు, పరికరాలు వివరించబడ్డాయి. బాస్ వేటకు అనువైన పొట్టి గాలపు కర్ర ఈయన పేరుతోనే ప్రచారంలోకి వచ్చింది.

బాస్ జీవనవిధానం

చలికాలంలో లోతునీటిలో మందకొడిగా ఉండే బాస్ చేపలు, వసంతారంభంలో నీరు వేడెక్కగానే ఒడ్డు సమీపానికి వస్తాయి. నీటి ఉష్ణోగ్రత సుమారు 15 - 18 డిగ్రీల సెల్సియస్‌కు చేరినపుడు మగచేప గూడు చేసి, గుడ్లకు, పిల్లలకు కాపలా కాస్తుంది. అప్పుడు దానిని పట్టుకుంటే సంతానం ఇతర చేపల పాలవుతుంది.

చివరి దశ

తరువాత హెన్‌షాల్ మోంటానాలోని బోజ్‌మన్ ప్రభుత్వ మత్స్యకేంద్రానికి అధిపతిగా పనిచేసి, గ్రేలింగ్ చేపల గుడ్లను పొదిగించాడు. 1909లో మిసిసిపీలోని టుపెలో కేంద్రానికి మారాడు. బాస్ పిల్లలను పెంచే కేంద్రమది. 1925లో సిన్సినాటిలో మరణించాడు.