చదరంగ చక్రవర్తి ఇమ్మానుయేల్ లాస్కరు

చదరంగము పిల్లల చదువునకు చేటని మన పెద్దలు పలువురు తలంతురు. గన్నవరమునకు చేరువనున్న గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో గ్రాండుమాస్టరైన పిమ్మటను ఆ తలంపు పూర్తిగా తొలగలేదు. అట్టివారు లాస్కరు చరిత్ర నెరుంగవలయును.

ఇతడు 1868 డిసెంబరు 24న నాటి ప్రష్యాయందలి బెర్లిన్‌షెన్ అను చిన్న యూర యూదుల యింట పుట్టెను. గణితము నేర్చుటకై పదునొకండవ యేట బెర్లినునకు పంపబడగా, అన్న బెర్తోల్డు చదరంగము నేర్పెను. బీదవాడగుటచే కాఫీ దుకాణములలో పందెపుటాట లాడి కొంత యార్జించెడివాడు. 1894లో స్టైనిట్జును జయించి, 1921లో కాపాబ్లాంకాకు ఓడువరకు 27 సంవత్సరములు జగజ్జేతయై వెలసెను. అంతకాల మా గద్దె నేలినవాడు నేటికిని మరియొకడు లేడు.

నడుమ నాటను విడిచి గణితమున మునిగెడివాడు. ఎర్లాంగెను విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందెను. సంఖ్యలను ప్రధానసంఖ్యలుగా విడదీసినట్లే, బీజగణితమున ఐడియలులనబడు సముదాయములను మూలఖండములుగా విడదీయవచ్చునని 1905లో నిరూపించెను. గద్దె పోయిన 1921లోనే ఎమ్మీ నోథరు ఆ సిద్ధాంతమును విస్తరించుట చిత్రము. నేటికిని గణితజ్ఞులు దానిని వారిరువురి పేరనే పిలుతురు. ఇంతటివానికిని స్థిరమైన ఆచార్యపదవి యెన్నడును లభింపలేదు; మన దాతలు గమనింపదగిన విషయమిది.

1933లో హిట్లరు ప్రభుత్వము వచ్చినంతనే భార్య మార్తాతో దేశము విడువవలసివచ్చెను, ఆస్తి హరింపబడెను. జీవనార్థము వృద్ధుడు మరల బల్లముందు కూర్చుండెను. 1935 మాస్కో పోటీలో 66వ యేట, ఒక్క యాటయు నోడక, కాపాబ్లాంకాకంటె అరపాయింటు మిన్నగా మూడవవాడయ్యెను. పిదప అమెరికా చేరి, 1941 జనవరి 11న న్యూయార్కున కాలధర్మము నొందెను.